సాక్షి మాట - సిద్ధాంత గ్రంథం

పరిశోధనలో పురోగతి అంటే ఏమిటి? విశ్వవిద్యాలయానికి సమర్పించే నివేదికలో దీనికి సమాధానం సులభం: పూర్తయిన అధ్యాయాలు ఇన్ని, మిగిలినవి ఇన్ని. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2022లో జారీ చేసిన నిబంధనలు పిహెచ్.డి.కి ఆరేళ్ల గడువు విధించాయి. పునర్నమోదుతో మరో రెండేళ్లు లభించవచ్చు. గడువు ఉండవలసిందే. అది లేని పరిశోధన ఉమ్మడి కుటుంబపు ఆస్తి పంపకంలా తరాలు దాటిపోతుంది.

అయితే ప్రసార మాధ్యమాల కథాకథనంపై జరిగే పరిశోధనలో ఈ పుటల లెక్క ఒక నైతిక సమస్యను మరుగుపరుస్తుంది. రామానంద్ సాగర్ 'రామాయణ్' ధారావాహికనే తీసుకోవచ్చు. 1987 జనవరి 25 నుండి 1988 జూలై 31 వరకు, ఆదివారం ఉదయాలలో, దూరదర్శన్ దానిని 78 భాగాలుగా ప్రసారం చేసింది. భాష హిందీ. తెలుగునాట ఆ భాష రానివారు సైతం పొరుగింటి వసారాలో కూర్చుని చూశారు. తెలిసిన కథ కనుక సంభాషణ అర్థం కాకపోవడం వారికి అడ్డు కాలేదు.

ఆ ధారావాహికపై సిద్ధాంత గ్రంథం రాసే పరిశోధకుడు సంభాషణల విశ్లేషణకు ఒక అధ్యాయం కేటాయించాడనుకుందాం. అరవై పుటలు సిద్ధమైనాయి. అంతలో క్షేత్రపర్యటనలో ఒక వృద్ధురాలు, ఊర్మిళ పద్నాలుగేళ్ల నిద్రను, తిరిగివచ్చిన లక్ష్మణుని గుర్తించక ఆమె మందలించడాన్ని తాను తెరపై చూసినట్లే వర్ణిస్తుంది. ఆ మాటల వరుస తెరది కాదు. 'ఊర్మిళాదేవి నిద్ర' అనే స్త్రీల పాటది. ఇటువంటి పాటలలోని రామాయణాన్ని గురించి వెల్చేరు నారాయణరావు 1991లో వెలువడిన ఆంగ్ల వ్యాసంలో చర్చించారు.

ఆమె మాటను ఏం చేయాలి? జ్ఞాపక దోషమని తొలగిస్తే అధ్యాయం చెక్కుచెదరదు. నివేదికలో గడి నిండుతుంది. అధస్సూచికలో చేర్చడం మర్యాదగా దాచిపెట్టడమే. ప్రధాన పాఠంలోకి తెస్తే మాత్రం, తెర చెప్పినదే ప్రేక్షకులు గ్రహించారన్న మూలభావన కదిలిపోతుంది.

శాసనంలో లేఖకుని అక్షరదోషం కూడా ఆనాటి ఉచ్చారణకు సాక్ష్యమని చరిత్రకారులకు తెలుసు. కాని శిల తన మాట వక్రీకరించారని బాధపడదు. ఈ వృద్ధురాలు తన మధ్యాహ్నాన్ని ఇచ్చింది, నమ్మి చెప్పింది. ఆ గ్రంథాన్ని ఆమె బహుశా ఎన్నడూ చదవదు. అభ్యంతరం చెప్పే అవకాశం లేనివారి విషయంలోనే పరిశోధకుని బాధ్యత అధికమవుతుంది.

కొత్త సాక్షి ఎదురైన ప్రతిసారీ మొదటికి రావడం కూడా నిజాయితీ కాదు. సత్యనిష్ఠ పేరిట సాగే వాయిదాలను పర్యవేక్షకులు చాలానే చూసి ఉంటారు. సంభాషణలు ఏం చెప్పాయో తెలిపే పుటలు నిలుస్తాయి. వాటినుండి ప్రేక్షకుల మనసును గురించి చేసిన నిర్ధారణలు నిలవవు. వాటిని తీసివేసి, ఆమె మాటతో అధ్యాయాన్ని ఆరంభించవచ్చు. అరవై పుటలు నలభైకి దిగవచ్చు. తరువాతి నివేదికలో ఆ తగ్గుదలకు కారణాన్ని పర్యవేక్షకుడే వివరించి సంతకం చేయవలసి ఉంటుంది.