మెరుగు - తరుగు

కంసాలికి గాజులు మెరుగు పెట్టమని ఇచ్చే ఇల్లాలు ముందు తూకం వేయించి ఇస్తుంది. తిరిగి తెచ్చుకునేటప్పుడు మళ్ళీ తూకం వేయిస్తుంది. పిసరంత తగ్గుతుందని ఆవిడకి తెలుసు. ఎంత తగ్గిందో తెలుసుకోవాలనే ఆవిడ తాపత్రయం. మెరుగున్న చోట తరుగు ఉండి తీరుతుందన్న సంగతి మన ఆడవాళ్ళకి ఎవరూ వేదాంతం చెప్పి నేర్పలేదు. గాజులే నేర్పాయి.

ఇదే సంగతి కారుకీ వర్తిస్తుందని నాకీమధ్యే తెలిసింది. మా తమ్ముడికో నల్ల కారుంది. నీడలో నిగనిగలాడుతూ ఉంటుంది. ఎండలోకి తీస్తే మాత్రం సూర్యబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి సుడిగీతలు. మిషను పెట్టి వాటిని తీయించడానికి వాడు షాపుకి వెడుతూంటే, కూరల మార్కెట్టు ఆ దారిలోనే గదా అని నేనూ ఎక్కాను. కూరల మాట మరిచిపోయి రెండు గంటలు అక్కడే కూచున్నానంటే నమ్మండి.

ఆ గీతలు బహు చిత్రమైనవి. నిజానికి అవి గుండ్రంగా ఉండవట. అడ్డదిడ్డంగా అన్ని వైపులకీ ఉంటాయి. దీపం ఎక్కడుంటే దాని చుట్టూ తిరిగినట్టున్నవి మాత్రమే తళుక్కుమని మన కంట పడతాయి. మనం రెండడుగులు పక్కకి జరిగితే ఆ సుడీ మనతోపాటు జరుగుతుంది. తెల్ల కారుకీ ఇలాంటి గీతలే ఉంటాయి గాని అంతగా పైకి తేలవు. పాపం, నల్లదానికే చెడ్డపేరు.

పోనీ, ఈ గీతలు గీసిందెవరు? గిట్టనివాళ్ళెవరూ కాదు. రోజూ తెల్లవారుజామున శ్రద్ధగా కారు తుడిచే మనిషే! రాత్రి పడిన దుమ్ములో సన్నటి ఇసక ఉంటుంది. నీళ్ళు పోసి కడగకుండా పొడిగుడ్డతో రుద్దితే ఆ ఇసకే ఉలి అవుతుంది. ఇది విన్నప్పుడు నా మనసు కలుక్కుమంది. ఇళ్ళల్లో మనుషుల మీద పడే గీతలు చాలావరకు ఇలాంటివే గదా! ‘ఆ జడేమిటే’, ‘ఆ నడకేమిటే’, ‘అన్నయ్యకొచ్చినన్ని మార్కులు నీకెందుకు రావే’ అంటూ పొద్దున్న లేస్తే తుడుపే. తుడిచే చేతిలో ప్రేమ ఉంది. గుడ్డలోనే తడి లేదు.

మిషను ఆ గీతల్ని పూడుస్తుందని చాలామంది అనుకుంటారు. పూడ్చదు. కారు రేకు మీద ముందు ప్రైమరు, దాని మీద రంగు, ఆపైన గాజులాంటి క్లియర్‌కోట్ అనే పూత ఉంటాయి. ఈ పైపూత మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుకే సుమారు 70 మైక్రాన్లుంటుంది, చూసుకోండి! సుడిగీతలు ఆ పైపూతలోనే ఉంటాయి. మిషనుకి గుండ్రటి స్పాంజి బిగించి, అరగదీసే సన్నటి పొడి కలిసిన పాలిష్ రాసి తిప్పితే, గీత ఎంత లోతుందో అంతవరకూ చుట్టూ ఉన్న పూతంతా అరుగుతుంది. పల్లాన్ని పైకెత్తడం కాదు, మెరకనంతా పల్లానికి దించడం. గీత పోయిందంటే, గీతలేని చోటు కూడా అరిగిందన్నమాట.

ఒక్కసారికి పోయేది కొద్ది మైక్రాన్లే. కాని పోయింది తిరిగి రాదు. రంగుని ఎండ నుంచి కాపాడేది ఆ పూతే. అది మరీ పల్చబడితే కొన్నాళ్ళకి వెలిసి, పొరలు లేస్తుంది. అంచేత పని తెలిసినవాడు ముందు పూతలన్నీ కలిపి ఎంత మందమున్నాయో పరికరంతో కొలుస్తాడు. ఓ మూల జానెడు చోట ప్రయత్నించి చూస్తాడు. మెత్తటి స్పాంజితో మొదలుపెట్టి, చాలకపోతేనే గట్టిది అందుకుంటాడు.

మా బంధువుల్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారు. ఇరవై ఏళ్ళ కిందట ఓ పెళ్ళిలో, పెట్టిన చీర గురించి ఒక మాట జారింది. దాన్ని తేల్చుకోవాలని వాళ్ళ పట్టుదల. కలిసినప్పుడల్లా తేల్చుకుంటారు. ఎవరేమన్నారు, అప్పుడు పక్కనెవరున్నారు, ఎవరు విన్నారు... ఏడుస్తారు, కావలించుకుంటారు, మనసు అద్దంలా అయిపోయిందంటారు. మళ్ళీ ఏ గృహప్రవేశంలోనో దీపం పడుతుంది, గీత కనిపిస్తుంది. మళ్ళీ మిషను! ఆ ఒక్క మాట చెరపడానికి, ఒకే కంచంలో తిన్న రోజుల చనువు ఎంత అరగదీశారో! ఇప్పుడు ఒకరినొకరు ‘మీరు’ అనుకుంటున్నారు. మెరుపుకి మాత్రం లోటు లేదు.

‘అయితే చూస్తూ ఊరుకోమంటారా?’ అని మీరడగొచ్చు. ఊరుకోవడమే ఉత్తమమంటే అదీ నిజం కాదు. షాపాయన ఒక్కొక్క గీత మీదా గోరు అడ్డంగా నడిపి చూశాడు. గోరు జారిపోతే మిషనుకి లొంగే గీత. గోరు తట్టుకుంటే లొంగదు. దాన్ని రుద్ది లాభం లేదు, పూతే పోతుంది. అక్కడ రంగు వేయించుకోవాలి. ఇవి రెండూ కాక మూడో దారి మైనం. గీతల్లో నూనె, మైనం నిండి ఆ పూటకి అద్దంలా ఉంటుంది. నాలుగు కడుగులయ్యేసరికి గీతలు మళ్ళీ బయటపడతాయి.

కాఫీలో పంచదార తక్కువైందన్న మాట, ఫలానా పేరంటానికి పిలవకపోవడం, ఇలాంటివి గోటికి తగలవు. ఉండనిస్తే వచ్చే నష్టం లేదు. కాని మొగుడు చెయ్యి చేసుకుంటే పిల్ల పుట్టింటికొస్తుంది. ‘సంసారమన్నాక మామూలే, సర్దుకుపోవాలమ్మా’ అని పసుపూ కుంకాలు పెట్టి పంపించేస్తారు చూడండి, అది లోతు గీత మీద మైనం పుయ్యడం. ఇంకోరకం పెద్దమనుషులుంటారు. ఇద్దర్నీ కూచోబెట్టి ‘నువ్వు కాస్త తగ్గు, నువ్వూ కాస్త తగ్గు’ అని సమానంగా రుద్దుతారు. గీత పోదు సరిగదా, ఆ పిల్లలో మిగిలిన ధైర్యం కూడా అరిగిపోతుంది. అక్కడ కావలసింది మెరుగు కాదు, మరమ్మతు. చేసినవాడు చేశానని ఒప్పుకోవాలి. మళ్ళీ జరగదన్న భరోసా చేతల్లో కనిపించాలి. అందాకా ఆ సంసారం నలుగురి కళ్ళకీ బాగా కనిపించకపోతే కనిపించకపోనీండి.

ఇంతకీ ఏది పైగీతో, ఏది లోతు గీతో తేల్చేదెవరు? అసలు చిక్కు ఇక్కడుంది. కారుకైతే ఎవరి గోరైనా ఒకటే. మనుషుల దగ్గర అలా కాదు. దూరాన నిలబడ్డవాడికి మెరుపే కనిపిస్తుంది. లోతు గీతపడ్డ మనిషికే తెలుసు. ఆ అక్కచెల్లెళ్ళ మధ్య జారిన మాట పైగీతేనని నాకు తోస్తుంది గాని, నా గోరు అక్కడిదాకా చేరదు. వాళ్ళిద్దరిలో ఒకరికి అది రేకుదాకా దిగిందేమో! అలాగైతే ఇరవై ఏళ్ళుగా రుద్దుతున్నారే గాని, ఎవరూ రంగు వెయ్యలేదన్నమాట.

అంచేత ‘ఆ మాత్రం దానికేనా?’ అనే హక్కు నాకు నా గీతల మీదే ఉంది. నా మీద పడ్డవాటిలో గోటికి తగలనివాటిని వదిలేస్తే అది క్షమ. ఎదటి మనిషి మీద పడ్డవాటిని చిన్నవని నేను కొట్టిపారేస్తే దాన్ని క్షమ అనరు. ఖర్చు ఆవిడది, గొప్ప నాది! ఆడపిల్లలకి ఓర్పు నేర్పేవాళ్ళు ఈ తేడా కూడా చెబితే బాగుండును.

ఎవరైనా మీ పక్కన కూచుని ఓ పాతమాట ఎత్తి కళ్ళొత్తుకుంటే, అది పెద్దదా చిన్నదా అని వెంటనే తూకం వెయ్యకండి. ముందు విననివ్వండి మీ చెవుల్ని. పొడిగుడ్డ పట్టుకుని మాత్రం బయల్దేరకండి.