తాజా తేదీ, పాత లెక్క

ఒక ఊళ్లో పాల సహకార సంఘం ఉండేది. పూటపూటా రైతులు పోసిన పాలు, వెన్న శాతం, వాళ్లకు రావాల్సిన డబ్బు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కేవి. అక్కడి కుర్ర ఆపరేటరు రోజూ రాత్రి ఆ లెక్కల ఫైలు వేరే డిస్కులోకి కాపీ అయ్యే ఏర్పాటు చేశాడు. కాపీ జరిగిందో లేదో చూసుకోవడానికి పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాశాడు. ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో పైథాన్‌లోని గెట్‌ఎమ్‌టైమ్ అనే ఫంక్షన్ 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లలో చెబుతుంది. ఇప్పటి సమయంలోంచి దాన్ని తీసేస్తే ఫైలు వయసు తేలుతుంది. అది 86,400 సెకన్లు, అంటే ఒక రోజు, దాటకపోతే తెర మీద "తాజా" అని పడేది.

పొద్దున్నే ఆ మాట చూసి సెక్రటరీ నిశ్చింతగా ఉండేవాడు. ముసలి గుమాస్తా మాత్రం ఒకనాడు అడిగాడు: "అబ్బాయీ, ఆ కాపీ ఎప్పుడైనా తెరిచి చూశావా?"

"ఎందుకు బాబాయ్, తేదీ నిన్న రాత్రిదేగా!" అన్నాడు కుర్రాడు.

ఉగాది వెళ్లాక పిడుగు పడి అసలు కంప్యూటర్ డిస్కు కాలిపోయింది. కాపీ తెరిచారు. చివరి పద్దు సంక్రాంతికి ముందుది! అప్పుడే సాఫ్ట్‌వేర్ మార్చారు, లెక్కలు కొత్త ఫోల్డరులోకి వెళ్లిపోయాయి. ఎవరూ ముట్టని పాత ఫైలే రోజూ కాపీ అవుతోంది. ఆ ఏర్పాటులో వాడిన, పైథాన్‌ షుటిల్ లైబ్రరీలోని మామూలు కాపీ ఫంక్షన్, అసలు ఫైలు ఎంత పాతదైనా, కాపీకి ఆ రాత్రి తేదీనే వేస్తుంది.

రైతుల పాస్‌బుక్కులు తెప్పించారు. గుమాస్తా ఒక్కో పద్దూ చదువుతుంటే కుర్రాడు అన్నీ మళ్లీ ఎక్కించాడు. తర్వాత కాపీ ఏర్పాటు కొత్త ఫోల్డరును చూసేలా మార్చి, అందులో కాపీ బదులు కాపీ2 ఫంక్షన్ పెట్టాడు. అది అసలు ఫైలు తేదీనే కాపీకీ ఉంచుతుంది. ఫైలు లోపలి చివరి పద్దు ఏ రోజుదో కూడా చూసే వరుస ఒకటి స్క్రిప్టులో చేర్చాడు.

నీతి: ఫైలు ఎప్పుడు రాశారన్నది ఒక ప్రశ్న, అందులో ఏముందన్నది వేరే ప్రశ్న. తేదీ మొదటిదానికే జవాబు చెబుతుంది. పదిమంది కష్టార్జితం లెక్కలు కాపాడేవాడు రెండోది కూడా అడిగి తీరాలి, కాపీని తెరిచి చదివాకే నిశ్చింతగా ఉండాలి.