ద్వారక వాకిట కుచేలుడు

శ్రీకృష్ణ పరమాత్మ దర్శనమునకు బయలుదేరిన కుచేలునికి త్రోవలో ఒక భయము కలిగినదని పోతనామాత్యుని భాగవతము తెలుపుచున్నది. ద్వారక సముద్రతీరమున వెలసిన సంపన్న నగరము. చినిగిన వస్త్రముతో వచ్చిన బీద బ్రాహ్మణుని ద్వారపాలకులు లోనికి పోనిత్తురా? బీదవానికి ఆకలి ఒక్కటే కష్టము కాదు. వాకిలి దాటుట మరియొక కష్టము.

నేటి కాలమున సముద్రపు ఒడ్డున అటువంటి నగరము దుబాయి. ప్రపంచములో మిక్కిలి ఎత్తైన బుర్జ్ ఖలీఫా 2010లో అచ్చట ప్రారంభమైనది. ఆ నగరపు మేడలకు ఇనుము వంచి, సిమెంటు కలిపి, రాళ్లు మోసిన వారిలో జగిత్యాల, కరీంనగరము, నిజామాబాదు, సిరిసిల్ల ప్రాంతముల తెలుగువారు ఎందరో కలరు. పగలెల్ల మేడలు కట్టి, రాత్రికి వారు బస్సులలో నగరపు అంచునగల ముహైస్నా క్యాంపులకు చేరుదురు. ఒకే గదిలో పలువురు, మంచముపై మంచము. ఆ చోటికి కార్మికులలో వాడుకైన పేరు సోనాపూర్, అనగా బంగారు ఊరు!

ఇంత సంపద నడుమ వీరు బీదలై యుండుటకు కారణమేమి? పూర్వజన్మ కర్మము అని కొందరు భక్తులే చెప్పుదురు. వివక్ష అని మరికొందరందురు. ధర్మము తెలిసికొనగోరువారు తొందరపడక విచారింపవలెను.

కొంత కారణము స్వగ్రామముననే కలదు. వానలు లేక, బోరుబావులు ఎండి, సేద్యము చెడినవాడు వీసా కొరకు ఏజెంటునకు అప్పుచేసి సొమ్ము చెల్లించును. విమానమెక్కక మునుపే వడ్డీ పెరుగుచుండును. అతని తొలి సంపాదన ఇల్లు చేరదు, అప్పునకే పోవును. ఈ బాధను ఎడారి నగరము ఒక్కటే కల్పించినదనుట న్యాయము కాదు. ఆ నగరపు జీతముతోనే ఎందరో ఇండ్లు కట్టుకొనిరి, బిడ్డలను చదివించిరి. ఇదియును సత్యమే.

కాని మరియొక సత్యము కలదు. 2006లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వము విదేశములలో ఇంటిపనికి పోవు తన స్త్రీలకు నెలకు కనీసము 400 డాలర్లు ఈయవలెనని నిర్ణయించెను. భారత ప్రభుత్వము 2020లో గల్ఫ్ దేశములకు పోవు తన కార్మికుల కనీస వేతనపు అంకెను తగ్గించి, నిరసనలు చెలరేగిన పిమ్మట 2021లో ఆ తగ్గింపును ఉపసంహరించుకొనెను. తుడిచెడు నేల ఒక్కటే, కారెడు చెమట ఒక్కటే. వేతనము మాత్రము చేతి పనిని జూచి గాక పాస్‌పోర్టును జూచి మారుచున్నది. దీనిని వివక్ష యనక వేరేమందురు?

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2021లో చేసిన కార్మిక చట్టము 2022 ఫిబ్రవరి 2 నుండి అమలునకు వచ్చినది. జాతి, వర్ణము, మతము, జాతీయత అను భేదములచే పనివానిని తక్కువ చేయరాదనియు, అతని పత్రములను యజమాని పట్టియుంచరాదనియు, నియామకపు ఖర్చు అతనిపై వేయరాదనియు ఆ చట్టము చెప్పుచున్నది. ఇది మెచ్చదగినది. అయినను లేని తప్పునకు ఎవ్వరును నిషేధము వ్రాయరు గదా!

ఈ పుటలు చదువువారి పూర్వికుల చరిత్రయే దీనికి సాక్ష్యము. 1860 నవంబరు 16న ట్రూరో నౌక మద్రాసు నుండి డర్బన్ చేరెను. ఆ నాటి ఒప్పందపు కూలికి మొదటి యేడు జీతము నెలకు 10 షిల్లింగులు. గడువు తీరిన పిమ్మట తిరిగి ఒప్పందము చేసికొనక, స్వదేశమునకును మరలక నిలిచినవారిపై నాటాల్ ప్రభుత్వము 1895లో ఏటికి 3 పౌనుల పన్ను విధించెను. అనగా ఆరు నెలల తొలి జీతము! స్త్రీలకును మినహాయింపు లేదు. ఆ కుటుంబముల బీదతనము విధి వ్రాసినది కాదు, శాసనసభ వ్రాసినది. 1913లో కూలీలు సమ్మె చేసిరి, 1914లో పన్ను రద్దయ్యెను. పూర్వజన్మ ఫలమే అయినచో అది ఒక చట్టము మారినంతనే ఎట్లు తొలగును?

కర్మ సిద్ధాంతము అసత్యము కాదు. అది తన దోషమును తాను చూచుకొనుటకు అద్దము, ఎదుటివానిపై విసరుటకు రాయి కాదు. కుచేలుడు వచ్చినప్పుడు శ్రీకృష్ణుడు ఏ పాపముచే బీదవాడవైతివని అడుగలేదు. ఎదురేగి కౌగిలించెను, పాదములు కడిగెను, తన పాన్పుపై కూర్చుండబెట్టెను, అతని అటుకులు తానే అడిగి తినెను. సిరి తరువాత వచ్చినది. గౌరవము ముందు వచ్చినది.

2024 ఫిబ్రవరి 14న అబూధాబి ఎమిరేటులో రాతితో నిర్మితమైన హిందూ మందిరము తెరువబడినది. అచ్చటి దేవుని యెదుట వర్తకుడును కూలివాడును ఒక్క రీతినే చేతులు జోడింతురు. ఆ సమత్వము మందిరపు గడప దాటి పనిచోటునకు, జీతపు రోజునకు చేరినపుడే పూజ పూర్తియగును.

దూరపు నగరమును నిందించుట సులభము. కూలివాని మునిమనుమడు నేడు యజమానుడైనాడు. అతని ఇంట పనిచేయు స్త్రీకి వంటగదిలో వేరు గిన్నె, వేరు కప్పు ఉన్నవా? ఆమె జీతము పనిని జూచి నిర్ణయించినదా, రంగును జూచి నిర్ణయించినదా? దీపము వెలిగించుటకు ముందు ప్రతి గృహస్థుడు ఈ ప్రశ్న వేసికొనవలెను. కుచేలుడు ప్రతి దినము వాకిట నిలిచియే యున్నాడు. తలుపు తీయువాని ఇల్లే ద్వారక.