అయిదు గంటలకు వచ్చిన కూలివాడు



మా నాయనమ్మ నేటాలులో ప్రతిదినము తెల్లవారుజామున తెలుగు బైబిలునందు ఒక అధ్యాయము చదువుచుండెడిది. నచ్చిన అధ్యాయమును ఏరుకొనుట ఆమె పద్ధతి కాదు. జనవరి 1న మత్తయి సువార్తతో ఆరంభించి, దినమునకు ఒకటి చొప్పున క్రొత్త నిబంధనలోని 260 అధ్యాయములను సెప్టెంబరు నడిమికి ముగించెడిది. మాది క్రైస్తవ కుటుంబమే అయినను నాకు తెలుగు వచ్చినది దేవాలయపు తరగతులలో. మా ఊరిలో తెలుగు నేర్పు చోటు అదియొక్కటే. అక్కడి పంతులుగారు దిద్దించిన గుణింతములతోనే నేను ఆమె బైబిలు చదువ నేర్చితిని. ఆ గ్రంథమే నేడు టొరంటోలో నా బల్లమీద నున్నది.

ఇంగ్లీషులో ఒక అధ్యాయమును నాలుగైదు నిమిషములలో చదువుదును. తెలుగులో పావుగంట పట్టును. వేగముగా పోవు కన్ను తనకు గిట్టని మాటను దాటిపోవును. కూడబలుకుకొనుచు చదువు కన్ను దాటలేదు.

ఈ లెక్కన మత్తయి 20వ అధ్యాయము ఏటేటా జనవరి 20న వచ్చును. ద్రాక్షతోట యజమానుని ఉపమానము అందున్నది. తెల్లవారగనే పనికి వచ్చినవారికి దినమునకు ఒక దేనారము కూలి కుదిరెను. సాయంకాలము అయిదు గంటలకు వచ్చినవారికిని అంతే ముట్టెను. (ఇంగ్లీషులో ఆ వేళను పదునొకండవ గంట అందురు. చిన్నతనమున అది రాత్రి పదునొకండనుకొని, చీకటిలో పండ్లెట్లు కోయుదురని అడిగితిని. తెలుగు బైబిలు అయిదు గంటలనియే చెప్పును.) ముందు వచ్చినవారు సణుగుకొనిరి. తన సొమ్మును తన యిచ్చ చొప్పున పంచు హక్కు తనకున్నదని యజమానుని వాదము.

తోటకూలీల సంతతివారమైన మనకు ఈ వాదము సులభముగా మింగుడుపడదు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసునుండి డర్బను చేరినది మొదలు 1911 వరకు నేటాలునకు వచ్చిన మన పూర్వులు అయిదేండ్లు కట్టుబడి పనిచేసిరి. మొదటి సంవత్సరము నెలకు 10 షిల్లింగులు జీతము, పైన బియ్యము, పప్పు. 1895 నాటి చట్టము క్రింద, గడువు తీరిన పిదప మరల కట్టుబడక, స్వదేశమునకును పోక అచ్చటనే నిలిచినవారు ఏటేటా 3 పౌనుల పన్ను చెల్లింపవలెను. అనగా 60 షిల్లింగులు. తొలియేటి జీతము లెక్కన ఆరు నెలల కష్టము. 1914లో గాని ఆ పన్ను తొలగలేదు. సొమ్ము మాది, ఇష్టము మాది అని తలచినవారే ఆ దొరలును. 1903లో నెల్లూరు సీమనుండి వచ్చిన జాన్ రంగయ్యగారు కీర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘమును నెలకొల్పిరి. ఆ కూలిజనము ఈ యుపమానమును ఏ చెవులతో వినిరో!

యౌవనమున నేను నాయనమ్మతో వాదించితిని. ఒక గంటకును పగలంతటికిని ఒకే కూలి యేమి న్యాయమంటిని. ఆమె గ్రంథము మూయకయే, "అతణ్ణి పొద్దంతా ఎవరూ పిలవలేదు గదమ్మా. వాడి ఇంట్లో బిడ్డలకి ఆకలి గంటల లెక్కన వేస్తుందా?" అనెను.

ఆ పిదప మరియొక భేదము తోచినది. ద్రాక్షతోట యజమానుడు మొదటివారి దేనారములో ఒక్క కాసు తగ్గింపలేదు. మాట యిచ్చినంత ఇచ్చి, ఆపైన ఔదార్యము చూపెను. మన దొరలు తమ హక్కును చెప్పుకొన్నది ఉన్నది లాగుకొనుటకు. ఇది గ్రహించి, ఆ అధ్యాయముతో నా పేచీ తీరినదని తృప్తిపడితిని. తీరలేదు.

1990ల చివర నేను కెనడాకు వచ్చినపుడు నా ఉపాధ్యాయ పత్రములు చాలవనిరి. మరల చదివి, ఆరేండ్లు ఏ దినమున ఏ బడి పిలిచిన ఆ బడికి పరుగెత్తి, తుదకు స్థిరమైన ఉద్యోగము పొందితిని. కొంతకాలమునకు వేరొక దేశమునుండి వచ్చిన ఒక యువతికి ఏడాదిలోనే అట్టి ఉద్యోగము లభించెను. ఆమె నాకు చేసిన అపకారమేమియు లేదు. నాకు రావలసినది ఎవరును తగ్గింపలేదు. అయినను ఉపాధ్యాయుల గదిలో నేను పలికిన మాటలు వ్రాయుటకు ఇప్పుడు చేయి రాదు. ఆమె వినినది.

ఆ జనవరి 20న, సణుగుకొనిరి అను మాటను కూడబలుకుకొనుచుండగా నా గొంతు నాకే వినవచ్చెను. మనవారిని ఎల్లప్పుడు తెల్లవారుజామున వచ్చినవారిలో లెక్కించుకొంటిని గాని, సణిగినవారును వారేయని గుర్తింపనైతిని. కష్టపడినవారికి న్యాయము అడుగు హక్కు కలదు. ఇతరులు తమవలె కష్టపడలేదని బాధపడు హక్కు కూడ అందులో చేరియున్నదా? ఏరుకొని చదువుదాననైనచో ఈ ప్రశ్నను తప్పించుకొని యుందును.

ఈ దేశమున ద్రాక్షతోట ఉపమానము మాత్రమే కాదు. నయాగరా తోటలలో జమైకా, మెక్సికో దేశముల పనివారు కలరు. 1966లో జమైకాతోను, 1974లో మెక్సికోతోను కుదిరిన ఏర్పాటు చొప్పున వచ్చువారు ఏడాదికి ఎనిమిది నెలలకు మించి ఉండరాదు. పత్రములో వ్రాసిన యజమాని వద్దనే పని చేయవలెను. ఈ మాటలు మన యిండ్లలో వినినవే. అక్కడి పండ్లు బజారులో కొను నేను ఇప్పుడు ఆ కథలో ఎవరినో!

ఆ యువతికి క్షమాపణ చెప్పితిని. చెప్పుటకు మూడేండ్లు పట్టినది. ఆమె నవ్వి, ఆ సంగతి ఎప్పుడో మరచితిననెను. మరువలేదని ఆమె కన్నులు చెప్పినవి. ఇప్పుడు మధ్యాహ్నము ఒకే బల్లవద్ద కూర్చుండి భోజనము చేయుచున్నాము. ఆమె తెచ్చు పచ్చడి నాకు మిక్కిలి కారము.