బల్ల ఎవరిది?

ప్రేమిస్తున్నామని చెప్పి బయట నిలబెట్టడం ఎట్లా వుంటుందో మాదిగోణ్ణి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా నాన్న చెప్పులు కుట్టిన ఆసామి కూడా మంచోడే. మా నాన్నను 'మనోడు' అనేవాడు. పండగనాడు పిలిచి అన్నం పెట్టించేవాడు. ఆ అన్నం అరుగు కింద.

అరుగు కింద తిన్నవాళ్ళ బిడ్డలతో నిండిన చర్చిలో యిప్పుడు హిజ్రాల గురించీ, మగవాణ్ణి ప్రేమించిన మగవాడి గురించీ, ఆడమనిషితో బతకాలనుకున్న ఆడమనిషి గురించీ ఒక మాట వింటున్నాను. "వాళ్ళనీ ప్రేమిస్తాం. కాకపోతే మారి రావాలి." మారేదాకా ఎక్కడ వుండాలి? ఆ అరుగు కిందే గదా!

మా మేనత్తకు కొడుకని పెంచిన బిడ్డ ఒకామె వుంది. సండే స్కూల్లో ఆమె పాడితే పెద్దలు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. బాప్తిస్మమూ తీసుకుంది. నడక మార్చుకోమని ఇంట్లో కొట్టారు. ఉపవాస ప్రార్థనల్లో కూచోబెట్టారు. ఒక రాత్రి వెళ్ళిపోయింది. పదేళ్ళకు చీర కట్టుకుని క్రిస్మస్‌కి గూడేనికొచ్చి, చర్చిలో వెనక చాప మీద కూచుంది. రొట్టె పళ్ళెం ఆమెదాకా వచ్చి, ఆమెను దాటి పక్క మనిషికి పోయింది.

ఆరాధన అయ్యాక అడిగాను. "అయ్యగారూ, బాప్తిస్మం తీసుకున్న బిడ్డే గదా?"

"నాకూ జాలే మాస్టారూ. సంఘం వొప్పుకోదు."

ఊరు వొప్పుకోదని బావి దగ్గర మావాళ్ళకు చెప్పిన మాటే యిది. ఆమె మాత్రం గొడవ చెయ్యలేదు. "పోనీలే బావా, పాటలు వినిపోదామని వచ్చాలే" అంది.

రెండు బాధలూ ఒకటేనని నేననను. ఊరు మమ్మల్ని వెలేసినా ఇంట్లో అమ్మ అన్నం పెట్టింది, గూడెం మా వెనక నిలబడింది. ఆమెను ఇల్లే వెలేసింది. అందుకే ఆమెకు మనం చెయ్యాల్సింది ఎక్కువ.

మన చరిత్ర చూడండి. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. మాదిగల్ని చేర్చుకోవద్దని ఒంగోలు పైకులాలవాళ్ళు ముందే అడ్డుపడితే క్లౌ దొర వినలేదు. ఆయనా షరతులు పెట్టాడు గదా అంటారు. పెట్టాడు. చచ్చిన గొడ్డును తినొద్దన్నాడు, విగ్రహాలకు మొక్కొద్దన్నాడు. మాదిగ పుట్టుక మార్చుకుని రమ్మనలేదు. మా మేనత్త బిడ్డను మానమన్నది ఏమిటి? తన నడక, తన గొంతు, తన మనసు. అంటే తనను తానే మానుకోమన్నారు.

వాక్యం వుంది గదా అంటారు. వుంది. లేవీయకాండం 18వ అధ్యాయం చూపిస్తారు. పందిమాంసం వద్దన్న 11వ అధ్యాయం కూడా ఆ కాండంలోదే. పందికూర తిని చెయ్యి కడుక్కుని మనం 18 తెరుస్తున్నాం. రోమా పత్రిక మొదటి అధ్యాయం చూపిస్తారు. పౌలు అక్కడే ఆగలేదు, రెండో అధ్యాయం మొదట్లోనే యితరులకు తీర్పు తీర్చేవాణ్ణి నిలదీశాడు.

అపొస్తలుల కార్యాలు 8వ అధ్యాయంలో ఐతియొపీయ నపుంసకుడున్నాడు. ఆయనా హిజ్రా ఒకటి కాకపోవచ్చు. కానీ ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం అలాంటివాణ్ణి సమాజంలోకి రానివ్వొద్దంది. ఆయన రథంలో చదువుకుంటున్న యెషయా గ్రంథమే 56వ అధ్యాయంలో దేవుని ఇంట్లో అలాంటివాళ్ళకు చోటిచ్చింది. దారిలో నీళ్ళు కనపడితే, నాకేం అడ్డమని ఆయన అడిగాడు. ఫిలిప్పు నీళ్ళలోకి దిగి బాప్తిస్మమిచ్చాడు. సంఘాన్ని అడిగి చెబుతానన్లేదు.

తెల్లదొరలు 1860లో రాసిన 377వ సెక్షన్ ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళకు వర్తించదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందే, 2014 ఏప్రిల్ 15న, ట్రాన్స్‌జెండర్ మనుషుల్ని మూడో జెండర్‌గా గుర్తించింది. కోర్టు హక్కు యివ్వగలదు. చాప మీద పక్కన చోటు మనమే యివ్వాలి.

దాచుకుని బతకడం మనకు కొత్తా? క్రైస్తవంలోకి మారిన దళితుడికి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా లేదంది. అందుకే మన గూడేల్లో ఎంతోమందికి రికార్డులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. రెండు పేర్ల బతుకులో భయమెంతో తెలిసినవాళ్ళం, ఇంకొకర్ని నీ నిజం దాచుకుని రమ్మని ఎట్లా అంటాం?

ప్రేమంటే జాలిపడ్డం కాదు. ఆమె చెప్పుకున్న పేరుతో ఆమెను పిలవాలి. బిడ్డ నిజం చెబితే ఇంట్లోంచి తరమకూడదు. చచ్చిపోతే మన సమాధుల్లో చోటివ్వాలి. నా తరగతిలో 'కొజ్జా' అనే తిట్టు సాగనివ్వను. మన కులం పేరు తిట్టయితే ఎంత కోస్తుందో, ఆ మాట ఆ పిల్లవాణ్ణి అంత కోస్తుంది.

బల్ల మనం వేసింది కాదు. పిలిస్తే వచ్చి కూచున్నవాళ్ళం. పక్కవాళ్ళను లెమ్మనే అధికారం మనకెవరిచ్చారు?