పెట్టుటయేనా ప్రేమ?

అన్నదానమును మించిన దానము లేదని మన పెద్దలు చెప్పుచుందురు. ఆ మాటను కాదనువారము కాము. కాని పుచ్చుకొనువానికి చాలునని చెప్పు వివేకము లేనప్పుడు, అడిగినంతయు పెట్టువానికి పుణ్యము వచ్చునా, పాపము వచ్చునా? కూర్మన్నపాలెములోని మా యింట నొక కుక్క మాచేత నీ ప్రశ్న వేయించినది.

అది లాబ్రడార్ జాతిది. మా తల్లిగారు దానికి భీముడని పేరు పెట్టిరి. భీమునకు వృకోదరుడని మరియొక పేరు కలదు; తోడేలి కడుపు వంటి కడుపు కలవాడని దాని యర్థము. కుక్కయు తోడేలి సంతతియే గనుక పేరు సార్థకమైనదని బడిలో పిల్లలకు చెప్పి నవ్వించుచుండెడివారము. గడచిన వేసవిలో నొకనాడది మేడకు నాలుగు మెట్లెక్కి, ఐదవ మెట్టుమీద కూలబడి యొగర్చుచుండగా మా నవ్వాగిపోయెను. పశువైద్యుడు తూచి చూడగా 43 కిలోగ్రాములున్నది. దాని యెముకకూర్పునకు 32 చాలునని యాయన చెప్పెను. థైరాయిడ్ గ్రంథి లోపముండునేమో యని రక్తము పరీక్షించి, లేదనెను. "ప్రక్కలమీద చేయి వేసి చూడండి, ఎముకలు చేతికి తగలాలి. పైనుంచి చూస్తే నడుము కనబడాలి" అనెను. మా చేతికి పరుపు తగిలినట్లుండెను.

దోషమెవ్వరిదని ఇంట విచారణకు మొదలిడితిమి. మా తమ్ముడు ఉక్కు కర్మాగారమున పనిచేయుచున్నాడు. అచ్చట కొలిమి చల్లారరాదు గనుక పని మూడు షిఫ్టులుగా సాగును. అందుచే మా యింట భోజనమునకు వేళ లేదు. తమ్ముడు రాత్రి వచ్చి తినునప్పుడు గుమ్మమున కాచుకొన్న భీమునకు నాలుగు ముద్దలు. అతడు వేకువనే పనికి పోవునాడు మరదలి చేతి ఇడ్డెనలు. మధ్యాహ్నము మా తల్లిగారి పెరుగన్నము. ఇది యింకను తినలేదు కాబోలునని ఎవరికి వారే తలచిరి. ఎవరి జాలియు అబద్ధము కాదు. లెక్క మాత్రమెవ్వరును చూడలేదు.

తగ్గింపుడని మా తల్లిగారితో చెప్పగా, "నోరు లేని జీవం నాయనా, అడిగినదానికి లేదంటే పాపం కాదూ?" అనిరి. మేము బదులు చెప్పక, వైద్యుడు చెప్పిన లెక్కను కాగితముమీద వేసితిమి. 32 కిలోగ్రాముల కుక్కకు విశ్రాంతిగా నున్నప్పుడు దేహయాత్రకు దినమునకు సుమారు 940 క్యాలరీలు కావలెను. చిక్కవలసిన కుక్కకు దాదాపు అంతటితోనే సరిపెట్టుదురు. చిరుతిండి అందులో పదియవవంతు దాటరాదు. ఆ లెక్క వేయుచు, సాయంకాలము తేనీటివేళ మేము బల్లక్రిందికి జారవిడుచు బిస్కట్లను జ్ఞప్తికి తెచ్చుకొంటిమి. నాలుగైదింటితోనే ఆ పదియవవంతు తీరిపోవును. మేమిచ్చుచున్నవి ఎనిమిది. న్యాయాధిపతి పీఠముననున్న మేము దిగి ముద్దాయిల వరుసలో నిలువవలసివచ్చెను.

ఎందులకిచ్చితిమి? దినమంతయు పిల్లలకు పాఠము చెప్పి, వారు వినిరో లేదో తెలియక ఇల్లు చేరినవారికి, ఒక్క బిస్కట్టుతో తోక యాడించి కృతజ్ఞత చూపు ప్రాణి ఎంత హాయి! ఆకలి తీర్చుటయే మా యుద్దేశమైనచో, రహదారి కూడలిలో టిఫిను బండ్లచెంత డొక్కలెండిన కుక్కలు లేవా? వానికెన్నడు నొక్క ముక్కయు వేయలేదు. మేము తీర్చుకొన్నది భీముని యాకలి కాదు, మా యాకలి.

అట్లని భీముని యాకలి దొంగయాకలి యనుటకును వీలులేదు. 2016లో కేంబ్రిడ్జి పండితులు లాబ్రడార్ కుక్కలలో దాదాపు నాలుగవవంతువానికి ఒకానొక జన్యువున లోపమున్నదనియు, అది కలవానికి తిండిమీద ఆశ మిక్కిలి హెచ్చుగా నుండుననియు కనుగొనిరి. కావున అడుగుట నిజము కావచ్చును. అడిగినది హితము కాకపోవచ్చును. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కలను జతలుగా పెంచి, ప్రతి జతలో నొకదానికి రెండవదానికంటె నాలుగవవంతు తక్కువ తిండి పెట్టిరి. తక్కువ తిన్నవి సుమారు రెండేండ్లు ఎక్కువ బ్రదికెననియు, వానికి కీళ్లవాతము ఆలస్యముగా వచ్చెననియు 2002లో ప్రకటించిరి. కుక్క యాయువులో రెండేండ్లనగా స్వల్పమా?

కఠోపనిషత్తు శ్రేయస్సును, ప్రేయస్సును వేరుచేసి చూపినది. గ్రీకు తత్త్వవేత్తయగు ప్లేటో తన గోర్గియాస్ సంవాదమున, వంటవాడును వైద్యుడును పసిపిల్లలయెదుట పోటీపడినచో వైద్యుడే యాకలితో చచ్చునని చెప్పించెను. భారతమున ధర్మరాజు తన్ను నమ్మి వచ్చిన కుక్కను విడిచి స్వర్గమున కేగనొల్లడయ్యెను. నమ్మినదానిని విడువకుండుట యనగా దాని కోరిక నెల్ల తీర్చుట కాదు. అది కన్నులలోనికి చూచి వేడినప్పుడును దాని మేలును విడువకుండుట.

అయినను మా తల్లిగారి చేతినుండి గిన్నె లాగికొనుట మాకు మనసొప్పలేదు. పెట్టుటయే వారి భాష. అందుచే నొక యేర్పాటు చేసితిమి. దినమంతటి భాగమును ఉదయమే తూచి యొక గిన్నెలో నుంచుట. ఎవరు పెట్టినను అందులోనుండియే పెట్టుట. అది వట్టిదైనచో ఆనాటికి చాలు. వైద్యుని సలహాపై అన్నము తగ్గించి, మాంసకృత్తులు తగ్గకుండ ఉడికించిన గ్రుడ్డును కోడిమాంసమును, కడుపు నిండుటకు ఉప్పును నూనెయు లేని బీన్సును సొరకాయను చేర్చితిమి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష కుక్కకు విషప్రాయములు గనుక మానితిమి. ఎండ యెక్కకముందే నడిపించుచున్నాము. వారమునకు నూటికొకటి, రెండు వంతులకు మించి తగ్గరాదని వైద్యుడు చెప్పుటచే తొందరపడలేదు. గిన్నెకు అధికారిణి మా తల్లిగారే. మేము దొంగచాటుగా బిస్కట్టు తీసినచో వారే పట్టుకొనుచున్నారు!

నాలుగు నెలలకు భీముడు 37 కిలోగ్రాములకు వచ్చెను. మేడమెట్లన్నియు ఎక్కుచున్నాడు. మా తల్లిగారు మాత్రము వాని వీపు నిమురుచు, "చిక్కిపోయాడు" అని నిట్టూర్చుచునే యుందురు. ఆ నిట్టూర్పును మేము తప్పుపట్టము. వాడు మరల గిన్నెవంక చూచునప్పుడు వారు నిట్టూర్చియు చేయి చాపరు. ఆ చాపని చేతిలో నున్నదియు ప్రేమయే యని చదువరు లంగీకరింతురని నమ్ముచున్నాము.