గుమ్మం మీది గుర్తు

శ్రావణ శుక్రవారం నాడు అమెరికా నుంచి మా అక్క కూతురు ఫోను చేసింది. "పిన్నీ, గుమ్మానికి పసుపు రాసి కుంకంతో స్వస్తిక్ వేశాను. పక్కింటి ముసలావిడ చూసి వణికిపోయింది. వాళ్ళ అమ్మమ్మని ఆ గుర్తు జెండావాళ్ళే పొట్టన పెట్టుకున్నారట. పండగపూట చెరిపెయ్యనా? మనం చేసిన తప్పేవిటి?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అమలాపురంలో పుట్టి పెరిగినదాన్ని. శుభలేఖ మీదా, కొత్త ఖాతా పుస్తకం మీదా ఆ గుర్తే చూశాను. "సు", "అస్తి" – మంచి జరగాలనే గదా దాని అర్థం!

బౌద్ధంతోపాటు ఆ గుర్తు చైనా వెళ్ళి, బుద్ధుడి విగ్రహాల గుండె మీద నిలిచింది. క్రీ.శ. 693లో వూ జెతియెన్ దాన్ని అక్షరాల్లో చేర్చి "వాన్" అని పలకమంది. ఆ పలుకుకి పదివేలని అర్థం; సకల శుభాలూ గుమిగూడిన చోటని భావం. సొంత హక్కున చైనాని ఏలిన ఒకే ఒక్క స్త్రీ ఆవిడ. చూశారా, మన గుర్తుని అక్షరం చేసింది ఓ ఆడదే!

1920లో హిట్లరు పార్టీ దాన్ని జెండాకెక్కించింది. ఆ జెండా నీడన 60 లక్షలమంది యూదులు బలైపోయారు. పన్నెండు వందల ఏళ్ళపాటు శుభాక్షరంగా ఉన్నది, పాతికేళ్ళలో పడమటి దేశాలకి చావు గుర్తైపోయింది.

ఇంతకీ అర్థం ఎక్కడుంటుంది? గీసిన చేతిలోనా, చూసే కంట్లోనా? దొంగ ఎత్తుకుపోయాడని మన సొత్తు వాడికే వదిలేస్తామా? అలాగని, శుభం కోరి వేసింది ఎదుటి మనిషిని ఏడిపిస్తే అది శుభమెలా అవుతుంది?

మా రాజోలు దగ్గర ఆదుర్రులో, వైనతేయ గోదావరి ఒడ్డున, బౌద్ధస్తూపం ఉంది. అది చూసిన సరదాతోనే ఒకసారి నాగార్జునకొండ వెళ్ళాను. అక్కడి ఇక్ష్వాకుల కాలపు స్తూపాల్లో కొన్నిటికి పునాదిలో ఇటుకలతో స్వస్తిక్ కట్టారు. స్తూపం పూర్తయ్యాక అది పైకి కనిపించదు. కనబడని శుభాన్ని అంత శ్రద్ధగా కట్టిన ఆ చేతులు ఇప్పుడు గుర్తొచ్చాయి.

పిల్లకి మళ్ళీ ఫోను చేశాను. "గుమ్మం మీద చెరిపి, పూజగదిలో వేసుకో తల్లీ. శనగలు పట్టుకెళ్ళి ఆవిడకి మన గుర్తు కథ చెప్పు. ముందు ఆవిడ కథ విను."

విన్నదిట. ఆవిడ కూడా విన్నదిట, వాళ్ళ అమ్మమ్మ ఫోటో చూపించిందిట. గుమ్మం మీద మళ్ళీ వేసుకోమని మాత్రం ఆవిడ అనలేదు. మా పిల్లా అడగలేదు.